మీరామెకేమవుతారు?

2017లో ఒక పెద్ద ఆసుపత్రిలో, బల్లకి అవతల కూచున్న కమిటీ సభ్యులు నన్నీ ప్రశ్న అడిగారు. "స్నేహితురాలిని" అన్నాను. "అది సరేనమ్మా, ఏమవుతారు?" అని మళ్ళీ అడిగారు. మన భాషలో ఈ ప్రశ్నకి రావలసిన జవాబులు ముందే తయారై ఉంటాయి. అక్క, చెల్లి, వదిన, పిన్ని, తోడికోడలు. ఆ వరసల్లో లేనివాళ్ళు ఏమీ కానట్టే లెక్క. "ఏమీ కాదండీ, స్నేహితురాలు" అని మనమే ఎన్నిసార్లు అనలేదు!

నేనక్కడికి వెళ్ళింది నా మూత్రపిండం ఒకటి ఆమెకిస్తానని చెప్పడానికి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు, సముద్రపు గాలి, వాటి మధ్య ఇంటింటా కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో ఎన్ని ఊళ్ళు ఈ జబ్బుతో ఖాళీ అవుతున్నాయో పత్రికలు చదివేవాళ్ళందరికీ తెలుసు. నీళ్ళే కారణమని కొందరూ, ఎండలో చాకిరీ అని కొందరూ, పురుగుమందులని కొందరూ అంటారు. కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. నా నేస్తం పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పాతికేళ్ళు పనిచేసింది. జీడిగింజల నూనెకి ఆమె వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి ఉండేవి. 2014లో జబ్బు బయటపడింది. 2016 నుంచి డయాలిసిస్. కొడుక్కి కూడా అదే జబ్బు మొదలైంది. కూతుర్ని అత్తవారు ఇవ్వనివ్వలేదు. నాది ఆమెకి సరిపోయే గ్రూపు. అప్పటికి నాకు యాభైమూడేళ్ళు, ఏ జబ్బూ లేదు.

ఇది నా త్యాగం గురించిన వ్యాసం కాదు. చివరికి నేనేమీ ఇవ్వలేదు. ఇవ్వలేకపోవడం గురించీ, దాని వెనక ఉన్న ఏర్పాటు గురించీ, ఆ ఏర్పాటులో నా భాగం గురించీ రాస్తున్నాను. చిన్ననాటి నుంచి చచ్చేదాకా సాగే ఆడవాళ్ళ స్నేహానికి మన సమాజంలో, చట్టంలో, సాహిత్యంలో, చివరికి మన స్త్రీవాదంలో కూడా చోటు లేదని నా అభియోగం.

* * *

అవయవ మార్పిడి మీద 1994లో కేంద్ర చట్టం వచ్చింది. దాని వరసలోనే 1995లో మన రాష్ట్రం కూడా ఒక చట్టం చేసుకుంది. కేంద్ర చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్ళు. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు చేరారు. వీళ్ళు కాని వాళ్ళెవరైనా ప్రేమాభిమానాల వల్ల ఇస్తామంటే ఒక కమిటీ ముందుకెళ్ళి అనుమతి తెచ్చుకోవాలి. 2014లో కేంద్రం చేసిన నిబంధనల్లో ఆ కమిటీ ఏమేం చూడాలో రాశారు. ఇద్దరి మధ్యా డబ్బు మారలేదని తేల్చుకోవాలి. ఇద్దరి ఆర్థిక స్థితీ చూడాలి. ఇద్దరికీ సంబంధం ఉందనడానికి కాగితాలు చూడాలి. ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫొటోలు చూడాలి. దాత ఇంట్లోవాళ్ళని పిలిచి అడిగి, వాళ్ళ అభ్యంతరాలుంటే రాసుకోవాలి.

ఈ జాగ్రత్తలెందుకో నాకు తెలుసు. అప్పులపాలైన కూలివాణ్ణి "స్నేహితుడు" అని కూచోబెట్టి కిడ్నీ కోసుకున్న దళారుల కథలు మనం చాలా చదివాం. ఆ అమ్మకాన్ని ఆపాల్సిందే. విచారణ వద్దని నేననడం లేదు. నా ప్రశ్న వేరే.

మన దేశంలో బతికుండగా అవయవాలు ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పుచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. భార్య భర్తకిస్తుంది, తల్లి కొడుక్కిస్తుంది, అక్క తమ్ముడికిస్తుంది. స్త్రీ దాత అయినప్పుడు ఆమె సమ్మతి స్వతంత్రమైనదో కాదో పుచ్చుకునే మనిషితో కాకుండా వేరొకరితో నిర్ధారించుకోవాలని నిబంధనల్లోనే ఉంది. ఉన్నా లెక్క మారలేదు. ఎందుకంటే భార్య తెచ్చేది పెళ్ళి రుజువు. ఆ రుజువుంటే ప్రేమ కూడా ఉన్నట్టే. "ఇవ్వకపోతే నన్నింట్లో ఉంచుతారా?" అన్న ఆమె భయం ఏ కాగితంలోనూ కనపడదు. అదే నా నేస్తం విషయానికొస్తే, పెళ్ళి రుజువులాంటి రుజువు మాకు లేదు కాబట్టి ప్రేమ లేనట్టే. కుటుంబం లోపల బలవంతం ఉండదనీ, కుటుంబం బయట ప్రేమ ఉండదనీ ఈ ఏర్పాటంతా రెండు నమ్మకాల మీద నిలబడి ఉంది. రెండూ అబద్ధాలని ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పాలా?

కమిటీకి ఇంకొక అనుమానం కూడా వచ్చింది. ఎవరూ పైకి అనలేదు గానీ ప్రశ్నల్లో తెలిసిపోయింది. ఇచ్చేది లెక్చరరమ్మ. పుచ్చుకునేది మాలపల్లెలోని జీడిపప్పు కూలీ. డబ్బు కోసం కిందనుంచి పైకి కిడ్నీ వెళ్ళడం వాళ్ళకి తెలుసు. పైనుంచి కిందకి ఎందుకు వెళ్తుందో వాళ్ళకి అర్థం కాలేదు. "ఆమెకి మీరేమైనా బాకీనా?" అని నవ్వుతూ అడిగారొకాయన. నేను నవ్వలేదు. బాకీయే. కానీ ఆయన అడిగిన బాకీ కాదు.

* * *

పాత ఫొటోలు తెమ్మన్నారు. ఇల్లంతా వెతికాను.

మా ఇద్దరికీ స్నేహం 1975లో ఆరో తరగతిలో కుదిరింది. రోజూ మూడు మైళ్ళు కలిసి నడిచేవాళ్ళం. లెక్కలు ఆమె నాకు చెప్పేది. తెలుగు పద్యాలు నేను ఆమెకి చెప్పేదాన్ని. మా వైపు పెద్దవాళ్ళలో నేస్తరికం కట్టడం ఉండేది. ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో, ఒక్కోసారి వేర్వేరు కులాలవాళ్ళు, బట్టలు పెట్టుకుని నేస్తాలయ్యేవాళ్ళు. ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తమనే పిలుచుకుంటారు. మేమిద్దరం వాళ్ళని చూసి, జీడితోటలో ఒకరి రిబ్బన్లు ఒకరికిచ్చుకుని నేస్తాలమైపోయాం. నలభైమూడేళ్ళు ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోలేదు.

మా బడిలో పదో తరగతికి మాత్రమే గ్రూపు ఫొటో తీసేవారు. నా దగ్గర 1980 నాటి ఆ ఫొటో ఉంది. అందులో ఆమె లేదు. 1979లో, తొమ్మిదో తరగతిలో ఉండగానే ఆమెకి పెళ్ళి చేసేశారు. ఆడపిల్లల పెళ్ళి వయసుని పద్దెనిమిదికి పెంచిన సవరణ వచ్చి అప్పటికి ఒక ఏడాది.

నా పెళ్ళి ఆల్బం తీశాను. 1986. నూటయాభై ఫొటోలు. అందులో కూడా ఆమె లేదు. పెళ్ళికి రాలేదని కాదు. వారం రోజుల ముందు నుంచీ మా పెరట్లోనే ఉంది. బియ్యం చెరిగింది, పందిట్లోకి కొబ్బరాకులు మోసింది, వంటపాత్రలు తోమింది. ఫొటోగ్రాఫరు పెరట్లోకి రాలేదు. నేనామెని పందిట్లోకి పిలవలేదు. "రా, నా పక్కన నిలబడు" అనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి ఎమ్మే చదివాను, చలం పుస్తకాలన్నీ చదివాను.

ఉత్తరాలున్నాయా అనడిగారు. ఉండేవి. పెళ్ళయిన కొత్తలో నెలకొక ఇన్‌లాండు కవరు రాసేది, పెన్సిలుతో, అంచుల దాకా. మా అత్తగారు అవి విప్పి చదివి, "ఎవరే ఇది, పోలేరమ్మ జాతర భాష!" అని నవ్వేవారు. నాకు సిగ్గేసింది. ఆ భాష నాదీనని చెప్పలేదు. జవాబులు తగ్గించాను, తర్వాత మానేశాను. 1997లో మా నాన్నగారు పోయినప్పుడు ఊరెళ్తే, వాకిట్లో నా కోసం నిలబడి ఉంది. "ఏటి నేస్తం, ఇన్నాళ్ళకా?" అంది. అంతే అడిగింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ విడిపోలేదు. కానీ ఆ పాత ఉత్తరాలు ఇల్లు మారినప్పుడు పాతకాగితాలవాడికి వెళ్ళిపోయాయి. వాటిని తూకానికి వేసిన చెయ్యి నాదే.

కమిటీ అడిగిన రుజువులన్నీ ఒకప్పుడు ఉండాల్సినవే. వాటిని లేకుండా చేసింది ఆమె పెళ్ళీ, నా పెళ్ళీ, మా కులం, నా సిగ్గూ. ముందు సాక్ష్యాన్ని తుడిచేసి, తర్వాత సాక్ష్యమేదని అడగడం పితృస్వామ్యానికి కొత్త కాదు.

ఫొటో లేదని ఫోన్‌లో చెబితే ఆమె చాలాసేపు నవ్వింది. "ఒక్క కంచంల తిననోళ్ళకి ఒక్క పొటో ఎక్కడ్నించొస్తాది నేస్తం?" అంది. ఆ మాట కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

* * *

సాక్ష్యం గురించి ఆలోచిస్తుంటే నాకు శకుంతల గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు క్లాసులో ఆ నాటకం చెప్పాను. నాలుగో అంకంలో శకుంతల అత్తింటికి వెళ్తుంటే అనసూయా ప్రియంవదలు తామూ వస్తామన్నట్టుంటారు. వీళ్ళకీ పెళ్ళి చెయ్యాలి కదా, అక్కడికి వెళ్ళడం తగదని కణ్వుడు ఆపేస్తాడు. గౌతమి వెంట వెళ్తుంది. ఆ తర్వాత అనసూయా ప్రియంవదలు నాటకంలో మళ్ళీ కనపడరు. రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీలో కావ్యాల్లో ఉపేక్షకు గురైన స్త్రీల గురించి రాసిన వ్యాసంలో, ఊర్మిళతో పాటు ఈ ఇద్దర్నీ గుర్తుచేశాడు. శకుంతల వెళ్ళిపోయాక వీళ్ళేమయ్యారని అడిగాడు.

నా ప్రశ్న ఇంకొంచెం ముందుకెళ్తుంది. దుష్యంతుడి ప్రేమ సంగతి మొదటినుంచీ తెలిసినవాళ్ళు ఆ ఇద్దరే. దూర్వాసుడి శాపం తెలిసినవాళ్ళు కూడా ఆ ఇద్దరే. నిండు సభలో రాజు "నువ్వెవరో నాకు తెలీదు" అన్నప్పుడు శకుంతల పక్కన ఉన్నది గౌతమీ, కణ్వుడి శిష్యులూ. వాళ్ళెవరూ కళ్ళారా చూసినవాళ్ళు కాదు. ఉంగరం నీళ్ళలో పోయింది. సాక్షులు ఆశ్రమంలో ఉండిపోయారు. శకుంతల కష్టానికి శాపం కారణమని మనం పిల్లలకి చెబుతాం. అత్తింటికెళ్ళేటప్పుడు స్నేహితురాళ్ళని వెనకే వదిలెయ్యాలన్న ఆచారం కూడా ఒక కారణమని ఎప్పుడైనా చెప్పామా?

ఏ ఆడపిల్ల పెళ్ళిలోనైనా జరిగేది ఇదే. ఆమె ఎవరి భార్యా ఎవరి కోడలూ కాకముందు ఎలా ఉండేదో, దేనికి నవ్వేదో, ఏం కావాలనుకుందో తెలిసిన మనిషిని ఆమె నుంచి తప్పించేస్తారు. తల్లిదండ్రులకి కూడా కొంత తెలుసు గానీ, వాళ్ళు ఆ పెళ్ళి చేసినవాళ్ళు. ఆ పాత మనిషికి స్నేహితురాలొక్కతే సాక్షి. అత్తింట్లో "నువ్వు మొదట్నించీ ఇంతే, నీకేం రాదు" అన్నప్పుడు, "కాదు, లెక్కల్లో ఈమె క్లాసు ఫస్టు" అనడానికి ఒక మనిషి కావాలి. నా నేస్తం భర్త ఆమెని మొద్దు అనేవాడట ముప్పయ్యేళ్ళూ. ఆ మాట తప్పని చెప్పగలిగిన మనిషిని నేను. నేను విశాఖపట్నంలో ఉన్నాను.

మగవాళ్ళ స్నేహాలకి ఈ గండం లేదు. పెళ్ళయినా వాళ్ళు ఊరు మారరు, ఇంటిపేరు మారదు. టీకొట్టు అక్కడే ఉంటుంది, రచ్చబండ అక్కడే ఉంటుంది. కృష్ణుడూ కుచేలుడూ, కర్ణుడూ దుర్యోధనుడూ పాఠ్యపుస్తకాల నిండా ఉన్నారు. మనకి మాత్రం సామెతలున్నాయి. రెండు కొప్పులు ఒకచోట ఇమడవట. ఆడదానికి ఆడదే శత్రువట. ఇద్దర్నీ చెరొక ఊరికి పంపించేసి, మధ్యలో ఉత్తరాలు విప్పి చదివి, ఆ తర్వాత ఇమడలేదని తీర్పు చెబుతారు.

* * *

చట్టాల్లో కూడా ఇదే కథ. 1956 హిందూ వారసత్వ చట్టంలోని పదిహేనో సెక్షన్ చూడండి. వీలునామా రాయకుండా స్త్రీ చనిపోతే, ఆమె సొంతంగా సంపాదించిన ఆస్తి మొదట పిల్లలకీ భర్తకీ, వాళ్ళు లేకపోతే భర్త వారసులకీ వెళ్తుంది. కన్న తల్లిదండ్రులు వాళ్ళ తర్వాతే. 2005 సవరణ కూతుళ్ళ హక్కుల్ని పెంచింది గానీ ఈ వరసని కదిలించలేదు. 2009లో ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. నారాయణీదేవి అనే ఆమె, పెళ్ళయిన కొద్ది నెలలకే భర్త పోతే, అత్తవారు వెళ్ళగొడితే, పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసి సంపాదించుకుంది. వీలునామా లేకుండా చనిపోయింది. ఆ సంపాదన వెళ్ళగొట్టిన ఇంటివైపు వారసులకే చెందుతుందని కోర్టు తేల్చింది. కన్నవాళ్ళకే దిక్కులేని ఈ వరసలో స్నేహితురాలు చిట్టచివరనైనా లేదు.

1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ పథకంలో ఒక నియమం ఇంకా చిత్రంగా ఉంటుంది. కుటుంబం ఉన్నవాళ్ళు కుటుంబంలోని వాళ్ళనే నామినీగా రాయాలి. లేనివాళ్ళు ఎవరి పేరైనా రాయొచ్చు. కానీ తర్వాత కుటుంబం ఏర్పడిందంటే ఆ పేరు చెల్లదు. అంటే ఒంటరి ఉద్యోగిని తన స్నేహితురాలి పేరు రాసుకున్నా, తాళి పడగానే ఆ పేరు దానంతటదే చెరిగిపోతుంది. ఎవరూ కొట్టెయ్యక్కర్లేదు.

ఆడవాళ్ళ స్నేహాన్ని ఈ వ్యవస్థ అసలు గుర్తించదని అనుకోకండి. ఒక్కచోట బాగా గుర్తిస్తుంది, అప్పు దగ్గర. మైక్రోఫైనాన్స్ కంపెనీలు అయిదుగురు ఆడవాళ్ళని ఒక జట్టు చేసి, ఒకరి బాకీకి మరొకరిని హామీ పెట్టాయి. ఇరుగుపొరుగు చనువునీ, చిన్ననాటి నమ్మకాన్నీ వసూలు సాధనంగా వాడుకున్నాయి. వాయిదా కట్టలేని ఆడమనిషి ఇంటి ముందు ఆమె నేస్తాల్నే కూచోబెట్టాయి. ఆత్మహత్యలయ్యాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. నా నేస్తం కూడా అలాంటి ఒక జట్టులో ఉండేది. అక్కడ ఆమెని "మీరు వీళ్ళకేమవుతారు?" అని ఎవరూ అడగలేదు. పక్కింటామె అప్పుకి ఆమె వేలిముద్ర చాలింది. ఆమె ప్రాణానికి నా సంతకం చాలలేదు.

* * *

మన సంగతి చూద్దాం. మన అంటే రాసే ఆడవాళ్ళం.

కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1928 నుంచి గృహలక్ష్మి పత్రికలో 'శారద లేఖలు' రాశారు. ఆడవాళ్ళ చదువు, హక్కులు, లోకం తీరు, అన్నీ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాల్లో పెట్టారు. స్నేహితురాలితో మాట్లాడినట్టు రాస్తేనే ఆడవాళ్ళు వింటారని ఆమెకి తెలుసు. ఆ తర్వాత మనం ఎన్ని వ్యాసాలు, ఎన్ని కవితలు "నేస్తమా" అని మొదలుపెట్టామో లెక్కలేదు. ఆ నేస్తం ఎవరు? ఆమె ఏం చేస్తుంది? మనం చెప్పేది వింటుంది. నాటకాల్లో చెలికత్తె పని కూడా అదే కదా.

'విముక్త'లో ఓల్గా సీతనీ శూర్పణఖనీ కలిపింది. మగవాళ్ళు శత్రువులుగా నిలబెట్టిన ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు గుర్తుపట్టడం మన సాహిత్యంలో గొప్ప సంఘటన. కానీ అది గాయపడ్డాక దొరికిన స్నేహం. ఏ గాయమూ లేని రోజుల నుంచి వచ్చిన స్నేహం గురించి మనకి ఏముంది? భర్తల గురించి రాశాం, తల్లుల గురించి రాశాం, కూతుళ్ళ గురించి రాశాం, ఉద్యమాల గురించి రాశాం. నలభై యాభై ఏళ్ళు మన వెంట నడిచిన మనిషి గురించి అంకితం పేజీలో ఒక్క వాక్యం రాసి వదిలేశాం.

చివరికి మన ఉద్యమానికి పెట్టుకున్న మాట చూడండి. సోదరీత్వం. కుటుంబం మీద ఇంత విమర్శ పెట్టిన మనకి కూడా, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ప్రేమకి పేరు కావాల్సొస్తే కుటుంబంలోంచే అప్పు తెచ్చుకోవాల్సొచ్చింది. ఆసుపత్రిలో ఒక మంచి డాక్టరమ్మ నాకు అదే సలహా ఇచ్చింది. "పెదనాన్న కూతురని చెప్పేయండి, తేలికవుతుంది." నేను తడబడ్డాను. నా నేస్తం ఒప్పుకోలేదు. "నీ పెదనాన్నకి నానేటి కూతురు? ఆ మాట మీవోళ్ళు ఇంటే నన్ను నరికేత్తారు" అంది. సోదరీత్వంలో కులం మాటేమిటని దళిత స్త్రీలు 'నల్లపొద్దు' రాకముందు నుంచీ మనల్ని అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నని నేను సెమినార్లలో తలూపుతూ విన్నాను. దానర్థం ఆ రోజు తెలిసింది. నిన్ను అక్కని చేసేసుకున్నానంటే, నిన్ను పెరట్లో ఉంచిన సంగతి మరిచిపోయానని. స్నేహంలో ఆ సౌకర్యం లేదు. నేస్తం అన్నప్పుడు ఇద్దరు వేరువేరు మనుషులు, వేరువేరు గుమ్మాల నుంచి వచ్చి నిలబడాలి. నేనెక్కణ్ణించి వచ్చానో దాచుకోడానికి వీల్లేదు.

స్నేహాన్ని ఆకాశానికెత్తి దణ్ణం పెట్టమని కూడా నేననడం లేదు. చైనాలో హునాన్ రాష్ట్రం జియాంగ్‌యోంగ్ ప్రాంతపు ఆడవాళ్ళు తమలో తాము ఒక లిపినే తయారుచేసుకున్నారు. దాన్ని నూషు అంటారు. చిన్నప్పుడు స్నేహబంధం కట్టుకున్న ఆడపిల్లలు, ఒకరికి పెళ్ళయిన మూడోరోజున ఆ లిపిలో రాసిన చిన్న పుస్తకం పంపేవాళ్ళు, విడిపోతున్నందుకు దుఃఖం రాసి. పాత పద్ధతిలో ఆ లిపి నేర్చుకున్న చివరి తరం రచయిత్రి యాంగ్ హ్వాన్యీ 2004లో చనిపోయింది. ఆ స్నేహాలు కాళ్ళు కట్టడాన్ని ఆపలేదు, పెళ్ళిళ్ళని ఆపలేదు. కానీ ఆ ఆడవాళ్ళు సాక్ష్యం రాసిపెట్టారు. మనం అది కూడా చెయ్యలేదు. నా దగ్గరున్న పుస్తకం నేనే తూకానికి వేశాను.

* * *

కమిటీ రెండుసార్లు వాయిదా వేసింది. రెండోసారి నా భర్తని పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. "రేపు మన పిల్లలకి అవసరమొస్తే?" అన్నారు. ఆ మాట రాసుకున్నారు. నా ఒంట్లో రెండోది పిల్లల కోసం దాచిపెట్టిన పొదుపని నాకప్పుడే తెలిసింది. నా నేస్తం జట్టులోని ఆడవాళ్ళని, మా పాత పంతులుగారిని పిలవమన్నాను. అలాంటి పద్ధతి లేదన్నారు.

ఆ తర్వాత ఆమే వద్దంది. తిరగడానికి కారు ఖర్చు, కూలి పోవడం, ప్రతిసారీ ఎవరో ఒకరు ఎగాదిగా చూడటం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. తోటలు పడిపోయాయి, దారుల్లేవు, కరెంటు లేదు. ఆమెకి రెండుసార్లు డయాలిసిస్ తప్పిపోయింది. నవంబరులో చనిపోయింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి మొదలైనప్పుడు పత్రికలో బొమ్మ చూసి పక్కన పెట్టేశాను.

నా కిడ్నీ ఇస్తే బతికేదా? తెలీదు. ఆ ప్రశ్న నాది, నాతోనే ఉంటుంది. 2018 డిసెంబరులో, ఆమె పోయిన నెలకి, జమ్మూ కాశ్మీరులో ఒక సిక్కు యువతి తన ముస్లిం స్నేహితురాలికి కిడ్నీ ఇస్తానంటే ఇంట్లోవాళ్ళు అడ్డుపడ్డారనీ, ఆసుపత్రిలో ఆలస్యమవుతోందనీ పత్రికల్లో వచ్చింది. అప్పుడు ఇది నా ఒక్కదాని కథ కాదని తెలిసింది.

స్నేహం అందంగా ఉండేదే చట్టాలూ కాగితాలూ లేనందువల్ల, దాన్నీ ఫైళ్ళలోకి లాగుతారా అని కొందరు మిత్రులన్నారు. బాగున్న రోజుల్లో ఆ మాట బాగుంటుంది. ఆసుపత్రి గుమ్మం దగ్గర, బ్యాంకు కౌంటరు దగ్గర, శవం దగ్గర ఆ అందం ఎందుకూ పనికిరాదు. అక్కడ కాగితం ఉన్నవాళ్ళదే మాట. దారి అసలు లేదని కూడా కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో, మైనరు కాని ఎవరైనా తమకి నచ్చిన మనిషిని తమ ప్రతినిధిగా రాసుకోవచ్చు, స్నేహితురాలైనా సరే. ఒక్క చట్టంలో సాధ్యమైనది మిగతా చట్టాల్లో ఎందుకు కాదు? 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళొక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబమన్న భావనని చట్టం గుర్తించిందని చెప్పింది. ప్రేమించుకున్న ఇద్దరు స్త్రీల విషయంలో వచ్చిన తీర్పది. వాళ్ళ పోరాటం తెరిచిన తలుపు అది. ఆ తలుపు ముందు స్నేహితురాళ్ళం కూడా నిలబడి అడగాలి.

చట్టం మారేలోపు మన చేతుల్లో ఉన్నవి చేద్దాం. వీలునామా రాద్దాం. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. అందులో ఆమెకి ఏదో ఒకటి రాద్దాం, పుస్తకాలైనా సరే. ఆమెతో కలిసి ఫొటో తీయించుకుందాం, పెరట్లో కాదు, ముందుగదిలో. ఆమె ఉత్తరాలుంటే అటక మీంచి దించుదాం. పెళ్ళి ఆల్బం తీసి అందులో ఎవరు లేరో చూద్దాం, ఎందుకు లేరో కూడా ఒక కాగితం మీద రాసిపెడదాం.

ఈ వ్యాసంలో ఆమె పేరు లేదు. రాస్తానని 2018లో ఒకసారి అడిగాను. "నువ్వు రాత్తే నీకు పేరొస్తాది. నాకేటొస్తాది? వొద్దులే" అంది. ఆ మాట దాటే హక్కు నాకు లేదు. మీ నేస్తం బతికుంటే, ఆమె ఒప్పుకుంటే, మీరు మీ నేస్తం పేరు రాయండి.